పాము పేరు తెలిసిన పల్లె

తొలకరి చినుకు పడినంతనే మన పల్లెలలో మొదట మేలుకొనునవి కప్పలు. నిన్నటివఱకు నెఱ్ఱెలు విచ్చిన చెఱువు గర్భము నేడు బెకబెకలతో మాఱుమ్రోగును. కప్పల వెనుక పాములు, పాముల వెనుక భయము, భయము వెనుక కఱ్ఱలు బయలుదేరును. నాట్లు మొదలగు ఆ దినములలోనే ఆసుపత్రులకు పాముకాటు రోగుల రాకయు హెచ్చును.

ఈ భయము నిరాధారమని ఎవరును అనజాలరు. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము 2000 నుండి 2019 వఱకు మన దేశమున పాముకాటుచే మరణించినవారు దాదాపు 12 లక్షలు. అనగా సంవత్సరమునకు సగటున 58,000 మంది. మరణములలో సగము జూన్, సెప్టెంబరు మాసముల నడుమనే సంభవించినవి. నాలుగవ వంతుకు పైగా పదునైదేండ్ల లోపు పిల్లలవి. ఈ దుఃఖభారమును అధికముగా మోయు రాష్ట్రములలో మన తెలుగు రాష్ట్రములును ఉన్నవి. ఉపాధ్యాయులకు ఈ లెక్క పరాయి లెక్క కాదు. అది తమ హాజరుపట్టీలోని పేర్ల లెక్క.

కేంద్ర ప్రభుత్వము 2024 మార్చిలో పాముకాటు నివారణకై జాతీయ ప్రణాళికను వెలువరించినది. 2030 నాటికి మరణములను సగమునకు తగ్గించుట దాని లక్ష్యము. ఆ సంవత్సరమే నవంబరులో, ప్రతి పాముకాటును తప్పక నమోదు చేయునట్లు ఏర్పాటు చేయుడని రాష్ట్రములను కోరినది. ఇవి మెచ్చదగిన పనులే. కాని చీకటిలో చేనిగట్టున నడచు రైతును, నేలపై పండుకొన్న పసివానిని ప్రణాళిక ఒక్కటే కాపాడజాలదు. వారిని కాపాడునది తెలివిడి. ఆ తెలివిడి ఎక్కడ పుట్టవలెను? బడిలోనే.

తెలుగు బోధించు నేను ఈ విషయము జోలికి వచ్చుట ఒక మాటల లెక్కతో మొదలైనది. గడచిన వానకాలమున మా తరగతిలో, తెలిసిన పాముల పేర్లు వ్రాయుడని అడిగితిని. నాగుపాముతోనే అనేకుల కలము ఆగినది. పల్లె నుండి వచ్చు ఒక విద్యార్థి మాత్రము తన తాతను అడిగి మఱునాడు పదునొకండు పేర్లు వ్రాసి తెచ్చెను. రెండు తరములలో పదునొకండు ఒకటైనది. పేరు పోయినచోట తేడా పోవును. తేడా పోయినచోట ప్రతి పామును ‘పాము’ మాత్రమే యగును, ప్రతిదానికిని కఱ్ఱయే సమాధానమగును.

మన భాషకు ఈ శాస్త్రముతో గల చుట్టరికము చిన్నది కాదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780 ప్రాంతములలో విశాఖపట్టణమున నివసించి, కోరమండలు తీరపు పాములను సేకరించి, 1796లో లండనులో గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు పాములకు ఇక్కడివారు చెప్పిన తెలుగు పేర్లనే ఆయన వ్రాసికొనెను. రక్తపింజరి అందు ‘కాటుక రేకుల పొడ’. పొడ యనగా మచ్చ. దాని వీపుపై నల్లని అంచులు గల మచ్చల వరుసను చూచినవారికి ఆ పేరులోని చూపు తెలియును. పసుపు నలుపు పట్టెల పామును మనవారు ‘బంగారు పాము’ అనిరి. నేడు ప్రపంచమంతటను కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు వాడు ‘బంగారస్’ అను పేరు ఆ తెలుగు మాట నుండి పుట్టినదే. శాస్త్రమునకు పేరిచ్చిన భాషలోని పిల్లలు ఆ పేర్లు మఱచుట విచారకరము కాదా?

ఈ పేర్లు అలంకారములు కావు. మన దేశమున లభించు విషవిరుగుడు మందు నాలుగు పాముల విషముల కొఱకు తయారగుచున్నది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. జెర్రిపోతు, నీరుకట్టె మనుష్యులకు ప్రమాదకరములు కావు. జెర్రిపోతు ఎలుకలను తిని ధాన్యమును కాపాడును. నాగుపాముగా భ్రమపడి దానినే మనము కొట్టుచున్నాము. రెండుతలల పామునకు తల యొకటే. మొద్దుగానుండు తోక రెండవ తలగా తోచును. దానిచే ధనము కలుగునను మూఢనమ్మకము వలన అది దొంగ వ్యాపారమున అమ్ముడుపోవుచున్నది. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. నొప్పి తెలియకపోవుటచే అనేకులు తెల్లవాఱువఱకు ఉపేక్షింతురు. ఈ ఒక్క సంగతి తెలిసిన ఇంట మంచము, దోమతెర, చేతిదీపము ప్రాణరక్షకములగును.

ఒక హెచ్చరిక. పేరు తెలియవలసినది కాటునకు ముందు. కాటు పడిన తరువాత పామును వెదకి పట్టుట వలదు. వైద్యులు లక్షణములను చూచి చికిత్స చేయుదురు. కట్టు బిగించుట, గాయము కోయుట, మంత్రములకై కాలము గడపుట కూడదు. కఱచిన అవయవమును కదలనీయక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

2016లో ఏర్పడిన మన మూడు జిల్లాలు ఈ చదువునకు మూడు పుటలవంటివి. జనగామ రాతి గుట్టల మెట్టనేల. అచటి బమ్మెర పోతన గ్రామమని ప్రసిద్ధి. ఆయన గజేంద్రమోక్షణమును చదువు విద్యార్థికి మకరము కావ్యములోని జీవిగానే తోచును. మహబూబాబాదు సరిహద్దుననున్న పాకాల నీటిలో దాని వంశము నేటికిని బ్రతికియున్నదని తెలియదు. గణపతిదేవుని కాలపు ఆ చెఱువు చుట్టునున్న అడవి 1952 నుండి అభయారణ్యము. కొండచిలువకును ఉడుమునకును అది నెలవు. ఇక భూపాలపల్లి అడవి, బొగ్గుగనులు, గోదావరి కలిసిన సీమ. కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిని కలియును. గనులకై అడవి తొలగినను, ఆనకట్టలచే నది నడక మాఱినను, తాబేళ్లు మొదలగు మూగజీవములు ఫిర్యాదు చేయజాలవు. వాని పక్షమున సాక్ష్యము చెప్పవలసినది ఏటేట వ్రాసిన లెక్కల పుస్తకమే.

కప్పల సంగతియు అట్టిదే. వాన రానప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింట నీరు పోయించుకొను కప్పతల్లి ఆట మన పిల్లల కెఱుకయే. కప్పకును వానకును గల చుట్టరికమును పెద్దలు గుర్తించిరి. కప్ప చర్మముతోను ఊపిరి పీల్చును. కనుక నీటిలోని విషము దాని ఒంటిలో సులభముగా చేరును. పత్తికిని మిరపకును చల్లిన మందు వానతో కుంటలోనికి పాఱినప్పుడు మొదట తెలుపునది కప్పయే. పురుగులను తిను ఈ రైతుమిత్రుని కాళ్లను విదేశములకు అమ్ముటను మన ప్రభుత్వము 1987లో నిషేధించినది. 2023లో వెలువడిన ప్రపంచ పరిశీలన ప్రకారము ఉభయచర జాతులలో నూటికి 41 ప్రమాదమున ఉన్నవి. సరీసృపములలో నూటికి 21.

తెలివియు దయయు చేయి కలుపగలవనుటకు పొరుగుననే ఒక నిదర్శనమున్నది. చర్మముల కొఱకు పాములను పట్టి బ్రతికిన తమిళనాటి ఇరుల తెగవారికి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టముచే ఆ జీవనోపాధి పోయినది. వారు 1978లో చెన్నై సమీపమున సహకార సంఘముగా ఏర్పడి, పాములను పట్టి, విషమును తీసి, తిరిగి విడిచిపెట్టుచున్నారు. ఆ విషముతోనే విరుగుడు మందు తయారగుచున్నది. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనువారిని 2023లో పద్మశ్రీ వరించినది. చంపుటకు వినియోగించిన విద్యయే కాపాడు విద్యయైనది.

మన బడులు చేయదగిన పని కష్టమైనది కాదు. ప్రతి పాఠశాలయు ఒక వానకాలపు పుస్తకమును తెఱవవలెను. తొలి కప్ప కూసిన దినము, గ్రుడ్లు కనబడిన కుంట, బండ్ల క్రింద నలిగిన జీవముల లెక్క, తాతలు చెప్పిన పేర్లు అందు వ్రాయింపవలెను. చూచుటయే గాని ముట్టుట కూడదను నియమము మొదటి పుటలోనే ఉండవలెను. పది సంవత్సరములు సాగినచో అది పిల్లల ఆట కాదు, జిల్లా చరిత్రయే.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, మఱునాడు జెర్రిపోతును కొట్టు మనకు పామన్న భక్తియు కలదు, భయమును కలదు. కొఱతపడినది పరిచయము. దానినిచ్చు భారము ఉపాధ్యాయులది. ఈ వానకాలము తరగతిలో ఒక్క ప్రశ్న అడుగుడు: ‘మీకు ఎన్ని పాముల పేర్లు తెలియును?’ జవాబు రానిచో ఆ పిల్లలను ఇండ్లకు, తాతల యొద్దకు పంపుడు.