బొమ్మ కింద పేరు ఎవరిది?

గల్ఫ్‌లో మన క్యాంపులు తిరిగి చూస్తే చేతిలో కళ ఉన్నవాళ్లు లెక్కకు మించి కనిపిస్తారు. షట్టరింగ్ ప్లైవుడ్ ముక్క మీద బొగ్గుతో వెంకన్న బొమ్మ గీసేవాడు ఒకడు, ఫోన్‌లో కూతురి ఫొటో చూసి పెన్సిల్‌తో అచ్చు దింపేవాడు ఇంకొకడు. నిర్మల్ నుంచి వచ్చినవాళ్లలో పొనికి చెక్క చెక్కడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లున్నారు. కరీంనగర్ వాళ్లలో వెండి తీగ పని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఇక్కడ మాత్రం పెయింటర్ వీసా మీద వచ్చి గోడలకు ఎమల్షన్ కొడుతున్నారు, లేదంటే స్టీల్ కడుతున్నారు.

"ఆన్‌లైన్‌లో పెట్టరాదే అన్నా" అని రూమ్‌లో నలుగురూ అంటే గీసింది పెడతారు. యాభై లైకులు వస్తాయి, "సూపర్" అని పది మంది రాస్తారు. కొనేవాడు ఒక్కడూ రాడు. కొన్నాళ్లకు అదే బొమ్మ ఎవరిదో పేజీలో, కింద సంతకం కత్తిరించి, ప్రింటు తీసి, ఫ్రేము కట్టి అమ్మకానికి కనబడుతుంది. కష్టం మనవాడిది, పేరూ డబ్బూ ఇంకొకడివి. మేం ఇవాళ మాట్లాడదలచుకున్నది ఆ పేరు గురించే.

బ్రాండ్ అనగానే అదేదో సబ్బుల కంపెనీల వ్యవహారం అనుకుంటాం. బాపు బొమ్మను చూడండి. సంతకం మీద వేలు పెట్టి మూసేసినా ఎవరిదో ఏ తెలుగువాడైనా చెప్పేస్తాడు. ఆయన చేతిరాత కూడా అచ్చు అక్షరాలై పెళ్లి శుభలేఖల దాకా వచ్చింది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారి సంగతీ అంతే. నిండు బొట్టు, ముదురు రంగు చీర, మన ఊళ్లో బావి కాడ కనబడే ఆడమనిషి. ఏళ్ల తరబడి ఆ మనుషుల్నే గీశారు కాబట్టి ఆ బొమ్మ ఎక్కడ వేలాడదీసినా ఆయన పేరే పలుకుతుంది. ఇద్దరికీ ఈ పేరు ఇంటర్నెట్ రాకముందే వచ్చింది. మనవాళ్లేమో సోమవారం హనుమంతుడు, మంగళవారం సినిమా హీరో, బుధవారం ఎడారిలో సూర్యాస్తమయం పెడతారు. చూసేవాడికి ఈ మనిషి దగ్గర ఏం దొరుకుతుందో తెలియదు. హీరో బొమ్మకు లైకులు ఎక్కువే, ఒప్పుకుంటాం. కానీ లైకు కొట్టినవాడు జేబులో చెయ్యి పెట్టడు.

కాబట్టి ఒకటే తరహా పని, ఒకటే పేరు. ఫేస్‌బుక్‌లో ఒక పేరు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో పేరు, వాట్సాప్‌లో హీరో ఫొటో ఉంటే వెతికేవాడికి దొరకం. సొంత పేరు, ఊరి పేరు కలిపి పెట్టుకుంటే చాలు. ఇంగ్లీషులో నోరు తిరగని పేరు ఎందుకు?

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. పేజీ తెరిచేటప్పుడు చేతిలో ఉన్న గల్ఫ్ సిమ్ నంబరే ఇస్తారు. వీసా క్యాన్సిల్ అయి ఇంటికి పోతే ఆ సిమ్ అక్కడితో ఆఖరు. ఫోన్ మార్చిన రోజున ఓటీపీ ఆ పాత నంబర్‌కే పోతుంది. నాలుగేళ్లు కూడబెట్టిన గిరాకీ తాళంచెవి పోయిన ఇల్లయి కూర్చుంటుంది. పేజీని ఇంటి దగ్గర ఆడుతున్న నంబర్‌కు, ఒక ఈమెయిల్‌కు కట్టి పెట్టాలి. ఆ ఇంటి నంబర్‌కు రీచార్జ్ చేయకుండా వదిలేస్తే అదీ పోతుంది, వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

ఫొటో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున పూట నీడలో, గుమ్మం దగ్గర తీస్తే చాలు. ఫ్లాష్ వద్దు, రంగులు మార్చే ఫిల్టర్ అసలే వద్దు, అందిన వస్తువు రంగు తేడా వస్తే ఆ గిరాకీ మళ్లీ రాదు. కొలతలు అంగుళాల్లో రాయాలి. పెద్ద సైజు ఫైలు పెడితే ప్రింటు తీసుకునేవాడికి మనమే తెచ్చి ఇచ్చినట్టు, చిన్నది పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం వస్తువు కథ. చెరియాల పటమే తీసుకుంటే, బట్ట మీద సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి పూసి ఆరబెట్టి గీస్తారని, కూనపులి వాళ్లు అలాంటి పటం ముందు పెట్టుకునే పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెబుతారని నాలుగు వాక్యాలు రాస్తే కొనేవాడు బేరం ఆపి చదువుతాడు. ఆ నాలుగు వాక్యాలు ప్రింటు తీసి అమ్మేవాడు రాయలేడు.

ఇక ధర. మనవాళ్లు రంగుల ఖర్చు లెక్కేస్తారు, కూలి లెక్కేయరు. ఒక పటానికి నాలుగు రోజులు పట్టిందనుకుందాం. రోజుకు 800 చొప్పున 3,200 రూపాయలు. బట్ట, రంగులు 400. ప్యాకింగ్, కొరియర్ 350. అంటే 3,950 వస్తేనే కూలి గిట్టుతుంది, లాభం మాట తర్వాత. సైటులో ఓవర్‌టైమ్ అరగంట తగ్గితే టైమ్‌కీపర్‌తో కొట్లాడేవాళ్లం, సొంత చేతి పనికి మాత్రం "వెయ్యికి ఇయ్యి తమ్మీ" అనగానే తలూపుతాం.

అసలు విషయానికి వద్దాం. అకామా చేతిలో పెట్టుకుని ఇక్కడి నుంచి అమ్మకం మొదలుపెట్టొద్దు. మనకిచ్చిన అనుమతి ఆ కఫీల్ దగ్గర ఆ పని చేయడానికే. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ విదేశీ కార్మికుడు సొంతంగా పని చేసుకోవడాన్ని ఒప్పుకోదు. దుబాయ్‌లో సోషల్ మీడియాలో అమ్మేవాళ్ల కోసం 2017లో ఈ-ట్రేడర్ లైసెన్స్ అని విడిగా పెట్టారు, దానికీ షరతులున్నాయి. లైసెన్స్ లేకుండా క్యాంపు అడ్రస్‌తో పది బొమ్మలు అమ్మి, ఎవడో కుళ్లుతో ఫిర్యాదు చేస్తే జుర్మానా ఎంతో, వీసా ఉంటుందో లేదో ఆలోచించుకోవాలి. అప్పు తీర్చడానికి వచ్చినవాడు బొమ్మల కోసం ఇంటికి పంపించేయబడితే ఆ ఇంటి గతేమిటి? "ఎవడు చూస్తాడులే" అనేవాళ్ల మాట వినొద్దు.

అందుకే మేం అనేది, దుకాణం ఇంటి దగ్గర పెట్టండి. చేసేవాళ్లు ఇంట్లో ఉంటే, అది భార్య కానీ అన్న కానీ తండ్రి కానీ, పేరు వాళ్లదే, బ్యాంకు ఖాతా వాళ్లదే. వాట్సాప్ బిజినెస్‌లో వస్తువుల పట్టీ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. కేంద్ర జౌళి శాఖ చేతిపనివాళ్లకు ఇచ్చే పహచాన్ కార్డు తీసుకుంటే వాళ్లు కళాకారులని ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది. మనం ఇక్కడి నుంచి ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌కు జవాబు ఏం రాయాలో చెప్పొచ్చు, ఫొటో ఎలా తీయాలో వీడియో కాల్‌లో చూపొచ్చు. తానే గీసేవాడైతే ఇక్కడ ఉన్నన్నాళ్లు గీయాలి, బొమ్మ మూలన పేరు, సంవత్సరం వేయాలి, దాచుకోవాలి, అమ్మకం తిరిగి వెళ్లాక చూసుకోవాలి. ఇది కొందరికి నచ్చదని తెలుసు.

చట్టం కూడా చేసినవాడి వైపే ఉంది, మనమే అడగడం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు గీసినవాడిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు బతికినంత కాలం, పోయాక 60 ఏళ్లు ఉంటుంది. సంతకం కత్తిరించినవాడి పేజీ మీద ఫిర్యాదు చేయాలంటే అసలు బొమ్మ, గీస్తున్నప్పటి ఫొటోలు తేదీలతో దగ్గరుండాలి. ఇక నిర్మల్ బొమ్మలు, చెరియాల పటాలు, కరీంనగర్ ఫిలిగ్రీ, కొండపల్లి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, వీటన్నిటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో మెషిన్ మీద కొట్టిన వస్తువుకు ఈ పేర్లు తగిలించి అమ్మడం నేరం. అయితే ఊరికి గుర్తింపు వస్తే ఇంట్లో వాళ్లకు దానంతటదే రాదు. 1999 చట్టం కిందే చేసేవాళ్లు ఒక్కొక్కరూ అధీకృత వాడకందారుగా తమ పేరు నమోదు చేయించుకోవాలి. దరఖాస్తు ఎలాగో ఊళ్లోని సహకార సంఘంలో అడగండి.

విదేశాల గిరాకీకి పంపాలంటే ఎగుమతి కోడ్ కావాలి. పాన్ కార్డు మీద, 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే వస్తుంది. 2022 నుంచి పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. అక్కడే పార్శిల్ కట్టి కస్టమ్స్ కాగితాలు పూర్తి చేయొచ్చు. సెలవు మీద వచ్చేవాడి బ్యాగులో మన ఇంటికి ఒకటి రెండు తెప్పించుకోవడం వేరు, అమ్మకానికి పాతిక తెప్పించి ఎయిర్‌పోర్టులో అతడిని ఇరికించడం వేరు. డబ్బు పంపడానికి కూడా ఇప్పుడు దారి ఉంది. 2023 జనవరిలో పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ అనుమతించారు. అందులో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. ఒక్క సంగతి ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పండి, డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఉండదు. "అడ్వాన్స్ పంపుతా, ఇది స్కాన్ చెయ్యి" అన్నవాడు కొనేవాడు కాదు.

చివరగా మన సంఘాల వాళ్లకు ఒక మాట. ఉగాదికి, బతుకమ్మకు ముఖ్య అతిథికి శాలువా కప్పి చేతిలో పెట్టే మెమెంటో ఎక్కడిది? ఇక్కడి బజారులో డజన్ల లెక్కన దొరికే ప్లాస్టిక్ గాజు. వేదిక మీద తెలుగు సంస్కృతి గురించి గంట సేపు మాట్లాడి, కింద ఆ డబ్బా అందిస్తాం. వచ్చే ఉగాదికి యాభై నిర్మల్ బొమ్మలు కావాలంటే ఫాల్గుణంలో ఫోన్ చేస్తే కుదరదు. చెక్క ఆరాలి, చింతగింజల పిండితో అతకాలి, రంగులు పొరలు పొరలుగా వేయాలి, ఆపైన పోస్టులో రావాలి. సంక్రాంతికి ముందే నేరుగా చేసేవాళ్లకే ఫోన్ చేసి, సగం డబ్బు ముందు పంపి, బొమ్మ కింద చేసినవాళ్ల పేరు, నంబర్ రాయించి తెప్పించండి.