చాకిరీ ఆమెది, పాసుపుస్తకం ఆయనది

నారు పీకేదెవరు? నాట్లేసేదెవరు? కలుపు తీసేది, గొడ్లకు గడ్డి కోసుకొచ్చేది ఎవరు? ఏ ఊళ్లో అడిగినా ఆడవాళ్లనే చెప్తారు. అదే ఊళ్లో 'రైతులెవరయ్యా?' అంటే మాత్రం వరసగా మగవాళ్ల పేర్లే వస్తాయి. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తమ్మీద ఆడవాళ్లు సాగుదారులుగా నమోదైన కమతాలు నూటికి సుమారు 14 మాత్రమే.

పేరుదేముంది, పంట ఇంటికొస్తే చాలదా అంటారు కొందరు. పేరుతోనే ఉంది చిక్కంతా. బ్యాంకువాళ్లు పంట రుణానికి పాసుపుస్తకం అడుగుతారు. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికిచ్చే 6,000 రూపాయలు పట్టాదారు ఖాతాలోనే పడతాయి. మగమనిషి పనికోసం చెన్నైకో బెంగళూరుకో పోతే సేద్యం ఆమె నెత్తిన పడుతుంది, సంతకం మాత్రం ఆయనదే కావాలి. ఆయనకు జరగరానిది జరిగితే షావుకారు అప్పు మర్నాడే ఆమె గడప తొక్కుతుంది. భూమి ఆమె పేరిట మారడానికి మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాలి, మరుదుల దయ కావాలి.

మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చేతకానివాళ్లేం కాదు. అక్షరాస్యత తరగతుల్లో నాలుగు ముక్కలు నేర్చుకున్న దూబగుంట తల్లులు 1992లో సారా మీద తిరగబడ్డారు. వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే సంగతి. సర్కారును కదిలించిన ఆ చేతులకు సొంత ఇంట్లో అరెకరం పట్టా దక్కకపోవడం న్యాయమా?

చట్టం ఎప్పుడో దారి చూపింది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు అది వర్తించింది. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ పెళ్లయిన కూతుళ్లకూ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అయినా పసుపు కుంకుమ పేరుతో చీరా రవికా చేతిలో పెట్టి, హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం ఆగలేదు.

'కట్నం ఇచ్చాం కదా' అనేవాళ్లున్నారు. ఆ కట్నం పోయింది అల్లుడి చేతికి, అమ్మాయి చేతికి కాదు. పైగా కట్నం 1961 నుంచీ నేరమే. 'ఆమె పేరిట పెడితే అల్లుడో తమ్ముడో అమ్మించేస్తాడు' అనేది ఇంకో మాట. తాగుడుకు, పేకాటకు భూములు తెగనమ్మింది ఎవరో ఊరందరికీ తెలుసు. పట్టాలో ఆమె పేరుంటే ఆమె సంతకం లేకుండా అమ్మకం జరగదు. అంటే భూమికి అదొక కాపలా.

రైతు సోదరులారా, ఉన్నదంతా ఒక్కరోజులో రాసిచ్చేయమనడం లేదు. కొత్తగా సెంటు భూమి కొన్నా ఇద్దరి పేర్లతో కొనండి. భాగాలు పంచుకునేటప్పుడు ఆడబిడ్డల వాటా కూడా కాగితం మీదకు ఎక్కించండి. వీలైతే ఒక ఎకరం ఇంటిదాని పేరిట దాన సెటిల్‌మెంటు చేసి, అడంగల్లో, 1-బిలో పేరు మార్పించండి. రిజిస్ట్రేషనుకు కొంత ఖర్చు అవుతుంది, నిజమే. రేపు ఆమె, పిల్లలు దిక్కులేనివాళ్లు కాకుండా ఉండటానికి ఆ ఖర్చు ఎక్కువ కాదు. కాడికి రెండో ఎద్దు లేకపోతే అరక సాగదు. ఆ సంగతి రైతుకు ఒకరు చెప్పాలా?