రేవును చూడని యాత్ర

దేశాటనం వల్ల లోకజ్ఞానం అలవడుతుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. దానికి ఎంత ఖర్చవుతుందో మాత్రం వారు చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాతికేళ్ళకు పైగా తెలుగు బోధిస్తున్న నాకు ఈ లోపం ఏటా శీతాకాలంలో గుర్తుకు వస్తుంది. విహారయాత్రకు పేర్లు ఇమ్మని ప్రకటన రాగానే తరగతి రెండుగా విడిపోతుంది. ఒక సగం కేరింతలు కొడుతుంది. మరొక సగం పుస్తకంలో ఏదో వెదుకుతున్నట్లు తల వంచుకుంటుంది.

కిందటి కార్తికమాసంలో విశాఖపట్టణ యాత్రకు ఒక్కొక్కరికి 9,000 రూపాయలు నిర్ణయించారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఆటో నడిపే ఒక తండ్రి కుమారుడు నా తరగతిలో ఉన్నాడు. పేరు ఇవ్వలేదేమని అడిగితే, "యాత్రలు పైసలున్నోళ్ళకు సార్. మేము ఫోటోలు చూస్తం" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, దుఃఖమూ లేదు. అది ప్రకృతి నియమమన్నట్లుగా అన్నాడు. అందువల్లనే అది నన్ను బాధించింది.

వెళ్ళినవారు వారం తర్వాత తిరిగి వచ్చారు. సముద్రతీరం, కైలాసగిరి, జలాంతర్గామి, అరకులోయ, అన్నింటి ముందూ నిలబడి తీయించుకొన్న ఫోటోలు చూపించారు. "రేవు ఎట్లా ఉంది?" అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. "రేవు చూడలేదు సార్, అది ప్యాకేజీలో లేదు" అన్నారు. ఓడరేవు వల్ల పుట్టి, ఓడరేవు వల్ల పెరిగిన పట్టణానికి వెళ్ళి, ఆ రేవును చూడకుండా తిరిగిరావడం విచిత్రం. తొమ్మిది వేల రూపాయలు వెచ్చించి వారు కొనుక్కొన్నది ఒక బస్సు కిటికీ మాత్రమేనని నాకు అనిపించింది.

పేర్లు ఇవ్వని వారిలో ఏడుగురిని వెంటబెట్టుకొని, మార్గశిరంలో నేనూ నా శ్రీమతీ విశాఖకు బయలుదేరాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి, దాదాపు 700 కిలోమీటర్ల ప్రయాణం. బస ఒక సత్రంలో. తిరుగుప్రయాణానికి రైలులో చోటు దొరకక ఆర్.టి.సి. బస్సు ఎక్కవలసి వచ్చింది. అయినా మూడు రోజులకు తలా 2,600 రూపాయలు మించలేదు. లెక్క చెప్పడం గొప్పకు కాదు. ఆ కొద్ది పైకమే మా మార్గదర్శి అయింది. కారు మాట్లాడుకొనే స్తోమత లేదు కనుక సిటీ బస్సు ఎక్కాం. బస్సు వెళ్ళని చోటికి నడిచాం. నడిచాం కనుక చూశాం.

మేము దిగినది గురువారం. మార్గశిర గురువారాలలో బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనానికి ఉత్తరాంధ్ర అంతా కదిలివస్తుంది. ఆ అమ్మవారికి పైకప్పు లేదు, గోపురం లేదు. భక్తులు తమ చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. పాదాలు తడిసి, భుజాలు ఒరుసుకొంటూ కదిలే ఆ వరుసలో నిలబడినప్పుడే మేము పట్టణంలో ప్రవేశించామని నేను భావిస్తున్నాను. అక్కడి నుంచి పాతపట్టణపు సందులలో నడిచాం. కురుపాం మార్కెట్టు, అరుగులున్న పాత ఇళ్ళు, గుమాస్తాల హడావిడి, సన్నని మెట్లదారులు. రావిశాస్త్రి కథలు చదివినవారికి ఈ వీధులలోని మనుషులు ముందే పరిచయస్థులు. చదవనివారికి నేను దారి పొడుగునా ఆ కథలు చెప్పాను. తరగతిలో ఆవులించే పిల్లలే ఇక్కడ "తర్వాతేమైంది సార్?" అని అడిగారు. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. అది ఆ సందుల మహిమ.

రేవు ముఖద్వారం దగ్గర మూడు చిన్న కొండలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా, మరొకదానిపై మేరీమాత చర్చి. మతసామరస్యానికి దీనిని ఉదాహరణగా చెప్పి ముగించడం పరిపాటి. నాకు అంతకంటె ఆసక్తికరమైనది వీటికి ఓడలతో ఉన్న సంబంధం. ఓడ క్షేమంగా తిరిగివస్తే హిందువులైన యజమానులు కూడా వెండితో చేయించిన చిన్న పడవలను దర్గాకు సమర్పించేవారని పాత గెజిటీర్లు చెబుతున్నాయి. సముద్రం అందరినీ ఒకే విధంగా భయపెడుతుంది కాబోలు.

రాస్ కొండపైకి ఎక్కితే రేవు అంతా కనిపించింది. ఎదురుగా డాల్ఫిన్ ముక్కు కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉంది. దానికీ పట్టణానికీ నడుమ సన్నని జలమార్గం. మేము చూస్తూ ఉండగానే ఒక పెద్ద సరుకుల ఓడ, ముందూ వెనుకా చిన్న టగ్గు పడవల సాయంతో, ఆ ఇరుకులో నుంచి లోపలికి వచ్చింది. ఏనుగును మావటివాడు గుమ్మంలో నుంచి తీసుకొని వచ్చినట్లు ఉంది. అరగంటసేపు ఎవరూ మాట్లాడలేదు, ఫోటో తీయాలని కూడా ఎవరికీ తోచలేదు. దానికి టిక్కెట్టు లేదు.

ఆ కొండ మీదే కూర్చుని వారికి రేవు కథ చెప్పాను. కలకత్తాకూ మద్రాసుకూ మధ్య పెద్ద ఓడలు నిలవడానికి తగిన చోటు లేదు. మధ్యభారతంలోని మాంగనీసు ఖనిజం సముద్రాన్ని చేరాలి. కొండ చాటున్న ఈ చిత్తడినేలను తవ్వి లోపలి రేవును నిర్మించారు. రాయపూరు నుంచి విజయనగరం వరకు రైలుమార్గం వేశారు. 1933లో రేవు ప్రారంభమైంది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. రేవు ఎంత ముఖ్యమైనదో శత్రువుకు తెలుసు. సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష' ఓడను 1948లో ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. బయటి రేవు 1970వ దశకంలో వచ్చింది. ఇన్ని సంగతులు కళ్ళ ఎదుట పరచుకొని ఉండగా, మా మిగిలిన విద్యార్థులను ఒక కృత్రిమ జలపాతం ముందు నిలబెట్టి ఫోటోలు తీసి పంపించారు!

మరునాడు తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్ళాం. రెండు వారాల వేట ముగించుకొని వచ్చిన మరపడవలు ఒడ్డును ఒరుసుకొని ఉన్నాయి. ఐసు పెళ్ళల చప్పుడు, వేలంపాటల కేకలు. మా పిల్లలకు తెలిసిన చేపలు బొచ్చె, రవ్వ, కొర్రమీను. ఇక్కడ కోనాం, చందువ, కానాగంతలు అనే పేర్లు విని నోటుపుస్తకాలలో రాసుకొన్నారు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవులో అగ్నిప్రమాదం జరిగి దాదాపు 40 పడవలు దగ్ధమైనాయి. ఒక్కొక్క పడవ మీద ఎన్ని కుటుంబాల తిండి ఆధారపడి ఉందో ఒడ్డున పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. పడవ నుంచి బుట్ట దించేవాడు, ఐసు కొట్టేవాడు, వల అల్లేవాడు, వేలం పాడేవాడు, తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్ళోకి వెళ్ళే స్త్రీ.

అటువంటి ఒక వృద్ధురాలు మా పిల్లలను చూసి, "ఏ ఊరు బావూ మనది?" అని అడిగింది. హైదరాబాదు అనగానే ఆమె ముఖం విప్పారింది. "మా పెద్దోడు ఆ ఎల్బీనగర్లోనే తాపీ పని సేత్తన్నాడు బావూ. సంకురాత్రికొత్తాడు" అన్నది. మా ఆటో డ్రైవరు కుమారుడు ఒక్క క్షణం నివ్వెరపోయాడు. ఆ తర్వాత ఆమె తట్టకు తాను ఒక చెయ్యి వేసి నెత్తికెత్తాడు.

మూడవ రోజు 900కె బస్సులో భీమిలికి పోయాం. ఆ తీరపు బస్సు ప్రయాణానికి సాటి వచ్చే విలాసయాత్ర నాకు తెలియదు. దారిలో తొట్లకొండ ఎక్కాం. నౌకాదళం 1976లో విమానసర్వే చేస్తుండగా వెలుగు చూసిన బౌద్ధారామం అది. వాననీటిని నిలవచేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వల్ల దానికా పేరు వచ్చింది. అక్కడి తవ్వకాలలో రోమను నాణేలు దొరికాయి. చేతిలో భిక్షాపాత్ర తప్ప మరేమీ లేనివారు ఈ తీరంలో మనకంటె చాలా ముందే యాత్ర చేశారు. భీమిలిలో డచ్చివారి సమాధులను, 1861లో పురపాలక సంఘంగా ఏర్పడిన ఆ చిన్న పట్టణాన్ని చూసి, సాయంత్రానికి వెనక్కి వచ్చాం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పేదరికాన్ని యాత్రకు యోగ్యతగా వర్ణించడం తగునా అని. తగదు. మా కాళ్ళు నొచ్చాయి. మధ్యాహ్నపు సిటీ బస్సులో నిలబడలేక ఒక అమ్మాయి కళ్ళు తిరిగి కూలబడింది. ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి వెదకడానికే రోజూ ఎంతో సమయం పట్టిందని నా శ్రీమతి నాకు గట్టిగానే చెప్పింది. తొలి రెండు రోజులు నేను ఆ సంగతి గమనించలేదు కూడా. నా వాదం పేదరికం మంచిదని కాదు. కొద్ది డబ్బుతో వెళ్ళేవాడు ఎక్కే బస్సు, నిలబడే తీరం, కూర్చొనే కొండ, తాగే కుళాయి నీరు ఆ ఊరివారందరివీ. అందువల్ల అతడు ఊరివారితో కలుస్తాడు. అవి బాగులేకపోతే యాత్రికుని కంటె ముందు బాధపడేది ఆ ఊరి పేదవాడే.

కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు కాజేసేవారనీ, తాను నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. రేవు పట్టణానికి పునాది ఆ అభయమే. వచ్చినవాడిని దోచుకోబోమన్న మాట మీదనే ఓడలు వస్తాయి. 2023 జూలైలో ఋషికొండ తీరానికి 20 రూపాయల ప్రవేశరుసుము పెడతారన్న వార్త రాగానే విశాఖవాసులు నిరసించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇరవై రూపాయలు పెద్ద మొత్తమా అని అడిగేవారున్నారు. అయిదుగురు పిల్లలున్న ఇంటికి అది నూటనలభై రూపాయలు. తీరం శుభ్రంగా ఉండాలంటే ఖర్చు ఉంటుంది, నిజమే. దానిని కార్లు నిలిపే చోట వసూలు చేయవచ్చు. సముద్రానికి గుమ్మం కట్టి టిక్కెట్టు చించడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా వెళ్ళి, తిరుగుప్రయాణంలో కళింగాంధ్ర తీరం వెంట వచ్చాడు. ఆయన పేదవాడు కాడు. పరివారంతో, పల్లకీలతో వెళ్ళినవాడు. అయినా ఆయన కాశీయాత్ర చరిత్ర నేటికీ చదవదగినదిగా ఉన్నదంటే, ప్రతి మజిలీలో నీరు ఎట్లా ఉంది, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, ఊరివారు ఎట్లా బతుకుతున్నారు అని చూసి రాయడమే కారణం. పల్లకీ దిగి చూసినవాడికే అటువంటివి కనబడతాయి. మా విద్యార్థులు తమ నోటుపుస్తకాలలో రాసుకొన్న చేపల పేర్లను చూసినప్పుడు నాకు ఆయనే జ్ఞాపకం వచ్చాడు.

బస్సు మమ్మల్ని తెల్లవారుజామున ఎల్.బి.నగర్‌లో దింపింది. మేము వచ్చిన ఆ 65వ నంబరు జాతీయ రహదారికి తూర్పు కొన మచిలీపట్నం. ఒకనాటి గోలకొండ రాజ్యానికి రేవు అది. బందరు అనే మాటకు పారశీకంలో అర్థం రేవు అనే. చౌరస్తాలో సూట్‌కేసులు, బియ్యం సంచులు, నిద్రకళ్ళ పిల్లలు, బేరాలాడే ఆటోవాళ్ళు. రోజూ చూసే దృశ్యమే. ఆటో డ్రైవరు కుమారుడు మాత్రం అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. "సంక్రాంతికి మా నాయిన ఆటోల ఎక్కి ఈడ దిగేటోళ్ళల్ల ఆ చేపలమ్మ కొడుకు గూడ ఉంటడేమో సార్" అన్నాడు.

దేవరకొండ నుంచి వచ్చి హాస్టలులో ఉంటున్న అమ్మాయి అప్పుడు ఒక సంగతి బయటపెట్టింది. రెండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ, నడిచిపోయే దూరంలో ఉన్న సరూర్‌నగర్ చెరువును తాను ఇంతవరకు చూడలేదట. మిగిలినవారిలో కూడా ముగ్గురు చూడలేదు. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు చెరువుకట్ట దగ్గర కలుసుకోవాలని అక్కడే నిర్ణయించుకొని, ఎవరి సంచి వారు భుజాన వేసుకొన్నాం.