అన్నము మానుట మొండితనము కాదు

మన ఇండ్లలో ఉపవాసము ఎరుగనివారు లేరు. ఏకాదశికిని, కార్తిక సోమవారములకును భోజనము మానుట తరతరములుగా మనతో వచ్చుచున్న ఆచారము. కాని ఇంట బియ్యము నిండియుండగా, వండి వడ్డించు తల్లి ఎదుటనే యుండగా, పదునైదేండ్ల బిడ్డ నెలల తరబడి అన్నము ముట్టక కృశించిపోవుట మాత్రము మనకు బోధపడదు. దానిని కొందరు మొండితనమందురు. కొందరు సోకు అందురు. మరికొందరు దిష్టియని ఉప్పు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయుదురు. వైద్యశాస్త్రము దీనిని అనొరెక్సియా నెర్వోసా అను వ్యాధిగా గుర్తించి నూటయేబదియేండ్లు దాటినది. మానసిక వ్యాధులలో మరణములు మిక్కుటముగా నుండువానిలో ఇది యొకటి. అట్టిదానిని గూర్చి మన సంఘములలో ఒక్కమాటయు వినబడకుండుట శ్రేయస్కరము కాదని తలచి, ఈ వారము ఈ విషయమును చేపట్టుచున్నాము.

ఈ వ్యాధి పేరే కొంత పొరపాటునకు తావిచ్చుచున్నది. గ్రీకు మూలమును బట్టి దానికి ఆకలి లేకపోవుట యని అర్థము. మన భాషలో అరుచి, అగ్నిమాంద్యము అను మాటలు సిద్ధముగా నున్నందున అనువదించువారు వానినే వాడుదురు. కాని ఈ రోగులలో పెక్కురకు ఆకలి యుండును. అన్నమును గూర్చిన తలంపు వారిని వదలదు. బరువు పెరుగుదునను భయము ఆ ఆకలిని అణచివేయును. ఎముకలు తేలినను అద్దములో తన దేహము లావుగనే తోచును. మన దేశమున కొందరు రోగులు ఈ భయమును చెప్పక, కడుపు నిండినట్లున్నదనియు, తినబుద్ధి కాదనియు మాత్రమే చెప్పుదురు. తనకు జబ్బులేదని వాదించుటయు ఈ జబ్బు లక్షణములలో నొకటి. ఆడపిల్లలలో ఇది హెచ్చు. అంతమాత్రమున మగపిల్లలకు రాదనుకొనరాదు. 1689లో ఇంగ్లాండు వైద్యుడు రిచర్డ్ మార్టన్ ఇట్టి రోగుల నిద్దరిని వర్ణించెను. అందొకతె పదునెనిమిదేండ్ల యువతి; రెండవవాడు పదునారేండ్ల బాలుడు.

1873లో లండనున సర్ విలియం గల్, పారిసున చార్లెస్ లాసెగ్ ఈ వ్యాధిని వివరముగా వర్ణించిరి. లాసెగ్ రోగినే కాక చుట్టునున్న కుటుంబమును గూడ నిశితముగా పరిశీలించెను. ఇంటివారు బ్రతిమాలుట, బెదిరించుట అను రెండు ఉపాయములనే యెరుగుదురనియు, రెండును వ్యర్థమగుననియు ఆయన గ్రహించెను. ఒకపూట ‘నా తల్లివి కదూ, ఒక్క ముద్ద’ అనుట, మరుపూట ‘తినకున్న తాట తీసెద’ ననుట మన ఇండ్లలో ఎవరికి తెలియదు? గల్ ఇంకను ముందుకు పోయి, రోగిని కనిపెట్టియుండుటకు బంధుమిత్రులు తగరని వ్రాసెను. ఇట్టి అభిప్రాయములు చాలకాలము చెల్లినవి. తల్లిదండ్రులను, విశేషించి తల్లిని, దోషిగా నెంచు వాడుక బలపడినది.

ఆ తీర్పును తిరుగవ్రాసినదియు లండను నగరమే. అచటి మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు కుటుంబమును వెలుపల నిలుపుటకు మారుగా చికిత్సలో చేర్చుకొనిరి. పందొమ్మిదవయేటికి పూర్వమే వ్యాధి సోకి, మూడేండ్లు దాటని రోగులకు ఈ పద్ధతి ఎక్కువ మేలుచేసినదని వారు 1987లో ప్రకటించిరి. ఇందు తొలిదశలో భోజన విషయమున నిర్ణయము తల్లిదండ్రులదే. వారు కోపగింపరు, వాదింపరు. ప్రక్కన కూర్చుండి ప్రతిపూటయు తినిపింతురు. బలము చేకూరిన కొలది ఆ బాధ్యతను బిడ్డకే క్రమముగా అప్పగింతురు. దారి చూపినచో కుటుంబమే గొప్ప బలమగునని ఇట్లు తేలినది.

ఆకలి మనస్సును ఏమి చేయునో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన తెలిపినది. 1944-45లో ఆన్సెల్ కీస్ పర్యవేక్షణమున, యుద్ధమున ఆయుధము పట్టుటకు నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందముగా ఆరునెలలు అర్ధాకలితో నుండిరి. వారికి లావగుదుమను భయము లేదు. అయినను వారికి అన్నమే లోకమైనది. కొందరు వంటపుస్తకములు సేకరించిరి; కొందరు పళ్లెము ముందు గంటలకొలది గడపిరి. చిరాకు, విషాదము హెచ్చి స్నేహితులకు దూరమైరి. అనొరెక్సియా రోగిలో మనము స్వభావదోషములని నిందించు లక్షణములలో అనేకములు పస్తుల వలన కలుగునవేయని దీనిచే స్పష్టమగుచున్నది. కావున ముందు మనస్సు కుదుటపడనిమ్ము, పిదప అన్నము చూతమనుట సరికాదు. అన్నమే తొలి ఔషధము. అయితే మిక్కిలి కృశించినవారికి ఒక్కసారిగా అధికముగా పెట్టరాదు. రక్తములోని లవణములు తారుమారై గుండెకు ముప్పు వాటిల్లును. అది వైద్యుని కనుసన్నల జరుగవలయును.

2019లో పలుదేశముల శాస్త్రజ్ఞులు సుమారు 17,000 మంది రోగుల జన్యువులను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధముగల ఎనిమిది స్థానములను గుర్తించిరి. మనోవ్యాధులతోనే కాక, దేహము ఆహారమును వినియోగించుకొను తీరుతోను దీనికి చుట్టరికము కనబడినది. కావున ఇది తల్లి పెంపకపు లోపమనుట గాని, బిడ్డ పొగరనుట గాని న్యాయము కాదు.

ఇంతవరకు శాస్త్రము చెప్పినది. కాని శాస్త్రము ఎంత తెలిపినను, అది వైద్యగ్రంథములలో నుండిపోయినచో మన వంటింటి వరకు రాదు. రప్పించుటకు కళ కావలయును. ఇందుకు మన కన్యాశుల్కమే ఉదాహరణము. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1,034 శుల్కవివాహములు జరిగినట్లు విజయనగర మహారాజావారు తయారుచేయించిన పట్టిక తెలిపినది. ఆ సంగతి గురజాడవారి పీఠిక చదివినవారికే తెలియును. 1892లో రంగమెక్కిన ఆ నాటకము పేరు విననివారు మనలో అరుదు. లెక్క నిజమును నిలబెట్టినది; నాటకము ఆ నిజమును జనుల గుండెకు తాకించినది.

ఈ వ్యాధి విషయమునను కళ మొదటినుండియు తోడున్నది. గల్ తన వ్యాసముతోపాటు రోగుల చిత్రములను, చికిత్సకు పూర్వమువానిని, పిమ్మటివానిని, చెక్కించి ప్రకటించెను. కృశించిన ముఖము ప్రక్కనే కోలుకొనిన ముఖమును చూచినవారికి ఇది నయమగు వ్యాధియని వేరుగ చెప్పనక్కరలేదు. 1983 ఫిబ్రవరి 4న అమెరికా గాయని కారెన్ కార్పెంటర్ ముప్పదిరెండవయేట ఈ వ్యాధి వలన గుండె దెబ్బతిని మరణించగా, ఎన్నడును ఈ పేరు విననివారు సైతము దానిని గూర్చి మాటలాడసాగిరి. 1989లో ఆమె జీవితము టెలివిజన్ చిత్రముగా వచ్చి లక్షల ఇండ్లకు చేరినది.

కళ దారితప్పుటయు గలదు. 2007లో మిలాను నగరమున ఫ్యాషన్ ప్రదర్శనల వేళ, ఫొటోగ్రాఫరు ఒలివియేరో టోస్కానీ ఈ వ్యాధితో శుష్కించిన ఇసబెల్ కారో అను ఫ్రెంచి యువతి నగ్నచిత్రమును పెద్ద పలకలపై నిలిపెను. లోకమును మేలుకొలుపుదునని ఆమె కోరిక. జనులు దిగ్భ్రమ చెందిన మాట నిజము. కాని ఇట్టి బొమ్మ రోగులకు భయమునకు బదులు పోటీని పుట్టించునని ఈ వ్యాధిగ్రస్తులకు తోడ్పడువారు ఆక్షేపించిరి. ఇటలీలోని ప్రకటనల నియంత్రణ సంస్థ దానిని నిలిపివేసినది. ఆమె 2010లో, ఇరువదియెనిమిదవయేట మరణించినది.

కావున కళాకారుడు చూపవలసినది ఎముకలను కాదు. కంచము ముందు కూర్చున్న బిడ్డ మనస్సులో జరుగు పోరాటమును, ఏమి చేయవలెనో తెలియని తండ్రి మౌనమును, తిరిగి కోలుకొను దారిని చూపవలయును. తూకపు అంకెలు, అన్నము మానుటకు పన్నిన ఉపాయములు రంగముమీద చెప్పరాదు. ఈ వ్యాసమున మేమును వానిని బుద్ధిపూర్వకముగనే విడిచితిమి.

మన కుటుంబములకు మరియొక చిక్కు గలదు. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో నివసించు మనము అంగడిలోను, కచ్చేరిలోను ఆ ప్రాంతపు భాషను చక్కగా మాటలాడుదుము. కాని లోపలి భయమును చెప్పుకొనుటకు అమ్మ నేర్పిన మాటయే కావలయును. 2022 అక్టోబరున భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు, బెంగుళూరు నిమ్హాన్సు సంస్థ దానికి ముఖ్యకేంద్రము, 14416 సంఖ్యకు పిలిచినచో తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో మాటలాడు వీలు గలదు. ఈ సంఖ్యను ప్రతి యింటివారును వ్రాసియుంచుకొనుట మేలు.

పెద్దలు గమనింపదగిన గుర్తులు కొన్ని గలవు. ఉపవాసములు అకారణముగా పెరుగుట, ఇతరులకు వండిపెట్టి తాను తినకుండుట, పంక్తిలో కూర్చుండక సాకులు చెప్పుట, ఎండలోను చలియనుట, వదులుదుస్తులలో దేహమును దాచుట, నెలసరి నిలిచిపోవుట. ఇవి కనబడినచో నిందింపక, జాగుచేయక వైద్యుని కలియవలయును. సన్నబడితివని పొగడుటయు, లావైతివని ఎగతాళి చేయుటయు మన పేరంటములనుండి తొలగవలయును.

మన సంఘములు ఉగాదికిని, సంక్రాంతికిని నాటకములాడుట పరిపాటి. రాబోవు ఉత్సవమున ఒక చిన్న నాటికను ఈ విషయమున ఆడించి, తెర దిగిన వెంటనే ఒక వైద్యుని అరగంట మాటలాడింపుడని కార్యదర్శులను కోరుచున్నాము. ఖర్చు స్వల్పము. దానివలన ఒక్క తల్లి తన బిడ్డను తిట్టుట మాని వైద్యుని యొద్దకు తోడుకొనిపోయినను మన శ్రమ ఫలించినట్లే.