సయాం రైలుకెళ్ళిన తాత పేరేమిటి?

థాయిలాండ్‌లోని కాంచనబురి రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో దాదాపు 7,000 మంది విదేశీ సైనికుల సమాధులున్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, హాలండ్ బిడ్డలు. 1942-43లో సయాం (నేటి థాయిలాండ్) నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించిన జపాన్ సైన్యం చేతిలో ఖైదీలుగా ఆకలికీ, కలరాకీ, దెబ్బలకీ ప్రాణాలొదిలినవాళ్ళు.

ఒక్కొక్కరికీ నేలబారు రాయి, దాని మీద పలక. పేరు, పటాలం, పోయిన తేదీ, వయసు. చాలా పలకల అడుగున అమ్మో, భార్యో రాయించిన ఒక్క మాట. పక్కన పూలమొక్క. దహనం చేసిన 300 మంది బూడిదను సైతం రెండు సమాధుల్లో ఉంచారు. ఎనభై ఏళ్ళు దాటినా అక్కడ పిచ్చిగడ్డి పెరగనివ్వడం లేదు.

ఆ పేర్లు ఊరికే మిగల్లేదు. ఎముకల గూళ్ళయిన ఖైదీలు, తోటివాడు పోయిన ప్రతిసారీ కాపలావాళ్ళ కన్నుగప్పి రాసిపెట్టుకున్నారు. 1945లో ఆ కాగితాలు పట్టుకునే అడవంతా గాలించి సమాధులు గుర్తించారు.

అదే మార్గంలో మనవాళ్ళూ రాలిపోయారు. మలయా (నేటి మలేషియా) రబ్బరు తోటల నుంచి జపాన్ సైన్యం వాళ్ళు తమిళులతో పాటు తెలుగు కూలీలనూ తోలుకుపోయారు. చనిపోయిన ఆసియా కూలీలు ఎనభై, తొంభై వేలకు పైనేనని అంచనా. అంచనా మాత్రమే! ఖైదీలకు పేర్లు దక్కాయి, మనవాళ్ళకు లెక్క కూడా దక్కలేదు. 1990లో కాంచనబురి దగ్గర చెరకు తోటలో వందల అస్థిపంజరాలు బయటపడితే, ఇతను ఫలానా అని చెప్పేవాళ్ళే లేకపోయారు.

అన్నలారా, అక్కలారా! ఆ సైనికుల సమాధులకు చేతులెత్తి మొక్కుదాం. వాళ్ళ తోటివాళ్ళు చేసిన పని, పేర్లు రాసిపెట్టే పని, మనమూ చేద్దాం. ఆ తోటలకు కూలీలను పంపిన శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, మలేషియాలోని బగాన్ దాతో తెలుగు ఇళ్ళలో ఆ కథ విన్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. రేపటికి ఉంటారన్న భరోసా లేదు. తెలుగు సంఘాలారా, ఈ ఏడాది ఒక్క సన్మానం తగ్గించి ఒక పుస్తకం తెరవండి. కుర్రాళ్ళూ, ఫోన్‌లో రికార్డు నొక్కండి. పేరు, ఇంటిపేరు, ఊరు, తోట పేరు. సగమే తెలిస్తే సగమే రాయండి.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళగానే మామ్మ మంచం పక్కన కూర్చోండి. “సయాం రైలుకెళ్ళి తిరిగి రానాయన పేరేటి మామ్మా?” అని అడగండి. ఆవిడ గుర్తు తెచ్చుకునేదాకా లేవకండి.