ఫీనిక్సు క్షేత్రం – ధర్మకర్తల బాధ్యత

గత సంవత్సరం మన కళాశాల కార్యవర్గ సమావేశానికి అధ్యాపకుల పక్షాన హాజరయ్యే అవకాశం నాకు కలిగింది. ఆనాటి చర్చనీయాంశాలలో చిట్టచివరిది ఆవరణలోని పాత జామతోట. పూర్వం ఒక పుణ్యాత్ముడు విద్యాదానం నిమిత్తం వ్రాసి ఇచ్చిన భూమిలో తోటగా మిగిలిన చివరి తునక అదే. అందులో ఒక రాతికట్టు బావి ఉన్నది. వెనుక బస్తీలోని స్త్రీలు వేసవిలో ఆ బావినీరు తోడుకొని పోతారు. పిల్లలు పండ్లు కోస్తారు, కొమ్మలు విరుస్తారు. "ఈ తోట మన సంస్థకు స్మారకం. దీనిని కాపాడుకోవలెనంటే చుట్టూ ఎత్తైన గోడ కట్టించి, గేటుకు తాళం వేయించుటే మార్గం" అని కొందరు పెద్దలు అన్నారు. వారి ఉద్దేశం మంచిదే. నిర్ణయం మాత్రం వాయిదా పడింది. ఆ చర్చ వింటున్నంతసేపూ నా మనస్సులో దక్షిణాఫ్రికాలోని ఒక పాత పొలం మెదులుతూ ఉన్నది. దాని కథను విద్యార్థుల ఎదుటను, పెద్దల ఎదుటను ఉంచుటే ఈ వ్యాసం ఉద్దేశం.

వారసత్వ సంపద అనగానే మనకు కోటలు, గుమ్మటాలు, దేవళాలు, మసీదులు గుర్తుకు వస్తాయి. పొలం గుర్తుకు రాదు. రాతికట్టడం కదలదు, మెదలదు. కావలివాణ్ణి పెడితే చాలునని అనుకొంటాము. పొలం అట్లా కాదు. దున్నేవారు, నీరు పెట్టేవారు, గట్టు మీద నడిచేవారు లేకపోతే అది పొలమే కాదు. కనుక చారిత్రకమైన పొలాన్ని కాపాడే మండలికి కట్టడాన్ని కాపాడే మండలికంటె కష్టమైన బాధ్యత ఉన్నది. అది మట్టితో పాటు ఆ మట్టి చుట్టూ ఉన్న మనుష్యులను కూడా కాపాడుకోవాలి.

1904లో గాంధీజీ జోహాన్నెస్‌బర్గు నుండి డర్బనుకు రైలులో పోతూ, మిత్రుడు పోలక్ ఇచ్చిన రస్కిన్ గ్రంథాన్ని చదివారు. శరీరశ్రమతో జీవించేవాని జీవితమే జీవితమన్న భావం ఆయన మనస్సులో నాటుకొన్నది. అనతికాలంలోనే డర్బనుకు 14 మైళ్ళ దూరాన, ఫీనిక్సు అనే చోట మొదట 20 ఎకరాలు, దానిని ఆనుకొని ఉన్న మరి 80 ఎకరాలు, మొత్తం 1000 పౌనులకు కొన్నారు. అక్కడ ఒక చిన్న ఊట, కొన్ని నారింజ, మామిడి చెట్లు, ఒక పాడుపడిన ఇల్లు, లెక్కలేనన్ని పాములు ఉండేవి. పారశీక వర్తకుడైన రుస్తుంజీ సేట్ పాత ఇనుపరేకులు, కట్టుబడి సామాను ఇచ్చారు. నెల తిరుగక ముందే 75 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గల షెడ్డు లేచింది. 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ముద్రణాలయం అందులోకి మారింది. జాతి, వర్ణ భేదం లేక పనిచేసే వారందరికీ నెలకు 3 పౌనుల భత్యం. ఎవరి తునక వారు సాగు చేసుకోవాలి. తీరిక వేళల్లో పత్రిక పని చూడాలి.

ఆ రేకుల ఇళ్ళ నుండే 1913 సెప్టెంబరులో కస్తూరిబాతో సహా 16 మంది సత్యాగ్రహులు సరిహద్దు దాటి చెరసాలకు నడిచారు. ఆ పోరాటానికి గల కారణాలలో ఒకటి మన పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది. అదే సంవత్సరం మార్చిలో అక్కడి న్యాయస్థానం ఒక ముస్లిం దంపతుల వ్యవహారంలో, క్రైస్తవ పద్ధతిలో జరుగని వివాహం చెల్లదనే అర్థం వచ్చే తీర్పు చెప్పింది. హిందువులు, ముస్లింలు, పారశీకులు అందరి ఇళ్ళలోని స్త్రీల గౌరవానికీ అది దెబ్బ అయింది.

గాంధీజీ స్థాపించిన రెండవ క్షేత్రం టాల్‌స్టాయ్ ఫారం. 1910లో మిత్రుడు కాలెన్‌బాక్ అనే వాస్తుశిల్పి జోహాన్నెస్‌బర్గుకు 21 మైళ్ళ దూరాన ఉన్న తన 1100 ఎకరాలను సత్యాగ్రహుల కుటుంబాల కోసం అప్పగించారు. అక్కడ నివసించిన వారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాది వారితో పాటు ఆంధ్రదేశం వారు కూడా ఉన్నట్లు గాంధీజీయే వ్రాశారు. 1860లో మద్రాసు నుండి మొదటి ఓడ నేటాలు చేరినది మొదలు కూలి ఒడంబడికల మీద పోయిన వారిలో తెలుగువారు అనేకులు. ఆ ఫారంలోని బడిలో గాంధీజీ తమిళంతో పాటు ఉర్దూ కూడా చెప్పేవారు. తమకు వచ్చిన ఉర్దూ లిపి ఒక ఓడ ప్రయాణంలో నేర్చుకొన్నది మాత్రమేనని ఆయన దాచుకోలేదు. రంజాను మాసంలో ముస్లిం బాలురు ఉపవాసాలు ఉంటే, హిందూ బాలురు కూడా వారికి తోడుగా ఉపవాసం ఉండేవారు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మనకు ఇంతకంటె దగ్గరి పూర్వకథ ఏమి కావాలి?

ఇక వ్యాసవిషయానికి వస్తాను. 1912లో గాంధీజీ ఫీనిక్సు భూమి మీద తన సొంత హక్కును వదులుకొని, ధర్మకర్తల పేర పత్రం వ్రాశారు. ఆ ధర్మకర్తలలో ఉమర్ హాజీ ఆమద్ జవేరీ అనే ముస్లిం వర్తకుడు, పారశీకుడైన రుస్తుంజీ, యూదుడైన కాలెన్‌బాక్, న్యాయవాది రిచ్, రంగూనులో ఉండే ప్రాణజీవన్ మెహతా ఉన్నారు. ఈ పేర్లు చదివినప్పుడు ఎవరికైనా సంతోషం కలుగుతుంది. ఇన్ని మతాలవారు ఒక పొలానికి కాపలాదారులు కావడం ఆనాటికి సామాన్యమైన విషయం కాదు. కాని ఆ పట్టికను రెండవసారి చదివినప్పుడు నాకు ఒక లోపం కనిపించింది. గట్టు అవతల ఉన్న జులూ పొరుగువాడు ఒక్కడైనా అందులో లేడు.

పొరుగున ఎవరూ లేకనా? ఆ ఇనాండా ప్రాంతంలోనే, ఫీనిక్సుకు సమీపాన, జాన్ డూబే అనే జులూ విద్యావేత్త ఓలాంగే విద్యాలయాన్ని అంతకు మునుపే నెలకొల్పారు. ఫీనిక్సు ధర్మకర్తల పత్రం పుట్టిన 1912లోనే ఆయన ఆఫ్రికను జాతీయ కాంగ్రెసుగా తరువాత పేరొందిన సంస్థకు తొలి అధ్యక్షులు అయ్యారు. మరుసటి సంవత్సరం, అంటే 1913లో, తెల్లప్రభుత్వం భూమి చట్టం చేసి, దేశంలో సుమారు నూటికి 7 వంతుల నేలను మాత్రమే ఆఫ్రికనులకు కేటాయించింది. మిగిలిన నేలను వారు కొనరాదని శాసించింది. తమ దేశంలో తామే భూమి లేనివారైన ప్రజల నడుమ ఆ 100 ఎకరాల పొలం నిలిచి ఉన్నదన్నమాట.

ధర్మకర్తలు పొరుగువారిని ఉపేక్షించారని నేను అనడం లేదు. గాంధీజీ 1915లో స్వదేశం చేరిన తరువాత ఆయన కుమారుడు మణిలాల్, కోడలు సుశీల దశాబ్దాల తరబడి ఆ క్షేత్రాన్నీ పత్రికనూ మోశారు. వైద్యశాల నడిచింది, బడి నడిచింది, పొరుగువారు మందు తీసుకొన్నారు, పిల్లలు చదువుకొన్నారు. అయితే దయ పొందేవాడు వేరు, హక్కు కలిగినవాడు వేరు. వైద్యశాల వాకిట వరుసలో నిలబడిన మనిషికి ఆ వైద్యశాల ఉండాలా వద్దా అనే విషయంలో మాట లేకపోతే, కష్టకాలం వచ్చినప్పుడు దానిని తనదని అతడు ఎట్లా అనుకొంటాడు?

ఆ కష్టకాలం 1985 ఆగస్టులో వచ్చింది. ఆ నెల మొదటి తేదీన విక్టోరియా మ్జెంగే అనే న్యాయవాదిని ఆమె ఇంటి వద్దనే హత్య చేశారు. డర్బను పరిసరాలు అగ్నిగుండం అయ్యాయి. ఇనాండాలో భారతీయుల దుకాణాలు, ఇళ్ళు దోపిడీకి గురికాగా కుటుంబాలు కట్టుబట్టలతో పారిపోయాయి. ఫీనిక్సు క్షేత్రం కూడా దగ్ధమయింది. గాంధీజీ నివసించిన 'సర్వోదయ' గృహం నేలమట్టమయింది. ఇల్లు లేని నిరుపేదలు వచ్చి ఆ నేల మీద గుడిసెలు వేసుకొన్నారు. ఆ పేటకు భంబాయి అని పేరు వచ్చింది. మన బొంబాయి మాటే జులూ నోట అట్లా మారిందంటారు.

ఈ దహనానికి నింద అంతా పొరుగువారి మీద వేయడం అన్యాయం. జాతుల మధ్య గోడలు కట్టిన ప్రభుత్వం, భూమి కరవు, నీటి కరవు, రెచ్చగొట్టిన రాజకీయం, ఇవన్నీ దానికి కారణాలు. ధర్మకర్తల మండలిలో ఇద్దరు జులూలు ఉండి ఉంటే ఆ మంట ఆగి ఉండేదని ప్రమాణం చేసి చెప్పగలవారు ఎవరు? నేనూ చెప్పలేను. కాని ఆ రోజున ఆ పొలాన్ని "ఇది మాది, దీనిని ముట్టుకోవద్దు" అని అడ్డుపడి చెప్పే హక్కు పొరుగువారిలో ఎవరికీ పత్రం మీద లేదు. ఇంతవరకు మాత్రం నిజం.

2000 సంవత్సరంలో అధ్యక్షుడు థాబో ఎంబెకీ పునర్నిర్మితమైన సర్వోదయను ప్రారంభించారు. నేడు యాత్రికులు చూసేది ఆ క్రొత్త ఇల్లే. వంద ఎకరాల పొలంలో అధికభాగం ఇప్పుడు ఇళ్ళతో నిండి ఉన్నది. పాత ముద్రణాలయపు చోటు పేటవాసుల శిక్షణకు, సేవలకు ఉపయోగపడుతూ వచ్చింది. దీనిని చూచి కొందరు పెదవి విరుస్తారు. నారింజతోట ఏది, నాగలి ఏది అని అడుగుతారు. నా అభిప్రాయం వేరు. శ్రమించేవారి కోసం పుట్టిన నేల తిరిగి శ్రమించేవారికి పనికి రావడంలో అపచారం లేదు. ఎవరూ అడుగు పెట్టని నూరు ఎకరాల తోటకంటె, పదిమంది తమదని అనుకొనే నాలుగు గదులే ఆ క్షేత్రం ఆశయానికి దగ్గర.

ఆ దేశం 1999లో చేసుకొన్న వారసత్వ సంపద చట్టం ఈ పాఠాన్ని గుర్తించినట్లు కనిపిస్తుంది. ప్రతి తరమూ రాబోయే తరాలకు ధర్మకర్త వంటిదని ఆ చట్టం చెబుతుంది. సంబంధం గల ప్రజలను సంప్రదించాలని, నిర్వహణలో పాల్గొనే హక్కు వారికి ఉన్నదని కూడా చెబుతుంది. ఈ మాట మనకు క్రొత్తది కాదు. వక్ఫు చేసిన ఆస్తికి ముతవల్లీ యజమాని కాడు. అది ఆయన చేతిలో ఉన్న అమానత్. లెక్క చెప్పవలసిన బాధ్యత ఉన్నదే గాని, అమ్ముకొనే హక్కు గాని, తలుపు మూసుకొనే హక్కు గాని ఆయనకు లేదు.

"పొరుగువారిని మండలిలో చేర్చుకొంటే ఆక్రమణలకు మనమే దారి తీసినట్లు కాదా? ఇది నిపుణుల పని గాని పేటవారి పని కాదు" అని ఎవరైనా అడుగవచ్చు. ఈ ప్రశ్నలో బలం లేకపోలేదు. గోడ బాగుచేయుటకు మేస్త్రీ, చెట్టు బాగుచేయుటకు తోటమాలి కావలసినదే. అయితే నిపుణుడు సంవత్సరానికి రెండుసార్లు వస్తాడు, పొరుగువాడు రోజూ ఉంటాడు. రోజూ ఉండేవాడు శత్రువైతే ఏ గోడా నిలువదు. మిత్రుడైతే గోడ అవసరమే తగ్గుతుంది. ఆక్రమణ భయానికి మందు తాళం కాదు, బాధ్యతలో భాగం.

ఇప్పుడు మన జామతోటకు వస్తాను. కార్యవర్గ సభ్యులకు నా విన్నపాలు మూడు. మొదటిది, గోడ విషయం నిర్ణయించే ముందు బస్తీ పెద్దలను, ముఖ్యంగా ఆ బావినీరు తోడుకొనే స్త్రీలను పిలిచి వారి మాట వినండి. రెండవది, తోట సంరక్షణకు ఒక చిన్న సంఘం ఏర్పరచి, అందులో బస్తీ వారికి ఇద్దరికి దయగా కాక హక్కుగా స్థానం ఇవ్వండి. మూడవది, ఫలసాయం లెక్క సంవత్సరానికి ఒకసారి అందరి ఎదుట చదివి వినిపించండి. గోడకు అయ్యే ఖర్చులో కొంత భాగంతో బావి పూడిక తీయించి, గిలక బిగించవచ్చును.

విద్యార్థులారా! మీలో చాలామంది గ్రామాల నుండి వచ్చినవారు. మీ ఊరిలో కూడా ఎవరో దానంగా ఇచ్చిన ఒక చెలక, ఒక తోట, ఒక చెరువుగట్టు ఉండే ఉంటుంది. ఈ సెలవులలో దాని కథ పెద్దలను అడిగి వ్రాసుకొని రండి. దానిని ఇచ్చినవారు ఎవరు, ఇప్పుడు కాపాడుతున్నవారు ఎవరు, దాని అంచున నివసిస్తూ దానిపై మాట లేనివారు ఎవరు అని విచారించండి. మూడవ ప్రశ్నను మరువకండి.

ఉర్దూలో పొరుగువానిని 'హంసాయా' అంటారు. ఒకే నీడను పంచుకొనేవాడని ఆ మాటకు అర్థం. మన జామచెట్ల నీడ మధ్యాహ్నం దాటగానే తోట సరిహద్దు దాటి బస్తీ వాకిళ్ళలో పడుతుంది. ఆ నీడకు అడ్డంగా గోడ కట్టే ముందు మన పెద్దలు ఒక్క మధ్యాహ్నం ఆ వాకిళ్ళలో కూర్చొని చూడవలెనని ప్రార్థిస్తున్నాను.