సైటేషన్లకు శాలువాలు, సత్యానికి ఖండనలు

‘స్టాన్‌ఫర్డ్ జాబితా’గా పేరుపడిన పట్టిక ఏటా వెలువడగానే దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఒకే తీరు పత్రికా ప్రకటన విడుదల చేస్తాయి. ప్రపంచంలోని మొదటి రెండు శాతం శాస్త్రవేత్తల్లో తమవారు ఇంతమంది ఉన్నారని దాని సారాంశం. శాలువాలు కప్పుతారు, ఫ్లెక్సీలు కడతారు. ఆ ఆచార్యులు కనుగొన్నదేమిటో మాత్రం ఆ ప్రకటనలో వెతికినా దొరకదు. కేంద్ర విద్యాశాఖ వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లోనూ పత్రాల సంఖ్యకు, సైటేషన్లకు మార్కులుంటాయి. సైటేషన్ మీద ఢిల్లీకి ఇంత మక్కువ ఉంటే, 2010లో జరిగినదాన్ని ఏమనాలి?

ఆ ఏడాది ఆగస్టులో ‘లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్’ ఎన్‌డీఎం-1 మీద ఒక పత్రం ప్రచురించింది. మొదటి రచయిత మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు కార్తికేయన్ కుమారస్వామి. బృందంలో కార్డిఫ్‌కు చెందిన తిమోతీ వాల్ష్ ఉన్నారు. చివరి అస్త్రంగా దాచుకునే కార్బపెనెమ్ మందులను సైతం నిర్వీర్యం చేసే ఎంజైమ్ అది. దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా నమూనాలు చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత్, పాకిస్తాన్‌లలోని ఇతర చోట్ల 73 దొరికాయి. తర్వాతి కాలంలో ప్రపంచమంతటా వేలసార్లు ఉదహరించిన పత్రమిది. మొదటి పేరు భారతీయుడిది. అయినా శాలువా రాలేదు. ఆరోగ్య మంత్రిత్వశాఖ ఖండన వచ్చింది. పార్లమెంటులో కుట్ర అనే మాట వినిపించింది. మెడికల్ టూరిజానికి గండి పడుతుందన్నదే అసలు దిగులు. చివరకు పత్రంలోని కొన్ని వ్యాఖ్యానాలతో తాను ఏకీభవించడం లేదని మొదటి రచయితే చెప్పుకోవలసి వచ్చింది.

ఎంజైమ్‌కు ఊరి పేరు తగిలించడం మీద అభ్యంతరం న్యాయమైనదే. లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ ఆ విషయంలో 2011లో క్షమాపణ కూడా చెప్పారు. పరిశోధనకు నిధులిచ్చినవారిలో వైయెత్ మందుల కంపెనీ ఉండటాన్ని ప్రశ్నించడంలోనూ తప్పు లేదు. అయితే పేరు మారిస్తే జన్యువు మాయమవుతుందా?

2011 ఏప్రిల్‌లో వాల్ష్ బృందం నీటి లెక్క బయటపెట్టింది. మధ్య ఢిల్లీ చుట్టూ 12 కిలోమీటర్ల పరిధిలో వీధుల్లో నిలిచిన, ఊరిన నీటి నమూనాలు 171 తీస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50 తీస్తే 2లో ఆ జన్యువు కనిపించింది. కలరా క్రిమిలోకీ అది చేరింది. దీనికి అధికారుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకటి: నమూనాలు దేశం ఎలా దాటాయి? కుళాయిలో ఏముందన్నది అంత తొందరపడవలసిన ప్రశ్నగా తోచలేదు కాబోలు.

యమున తూర్పు ఒడ్డున ఉన్న మయూర్ విహార్‌లో పాత్రికేయులు, అధ్యాపకులు, ప్రభుత్వోద్యోగులు కాపురముంటారు. పక్కనే చిల్లా ఖాదర్ వరద మైదానంలో కూరగాయల మళ్లు. వజీరాబాద్ దాటి నజఫ్‌గఢ్ కాలువ కలిశాక నదిలో వేసవినాడు పారేది ప్రధానంగా మురుగే. ర్యాంకుల పట్టికలు చదివే ఇళ్లకు, ఆ పట్టికల కింద అణగిపోయిన పత్రం హెచ్చరించిన నీటికి మధ్య దూరం ఒక గట్టు మాత్రమే.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. కలరా క్రిమి విడుదల చేసే విషమే రోగానికి మూలమని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో ‘నేచర్’ పత్రికలో నిరూపించారు. 1978లో నోబెల్ సింపోజియం ఆయన్ను ఆహ్వానించింది. దేశంలోని ఏ జాతీయ శాస్త్ర అకాడమీ ఫెలోషిప్పూ దక్కకుండానే 1985లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన పత్రాల ప్రభావాన్ని సైటేషన్ సూచిక జనకుడు యూజీన్ గార్ఫీల్డ్ లెక్కగట్టి చూపారు. అంకెలను కొలమానంగా నమ్మే దేశానికి ఆ అంకెలూ ఫిలడెల్ఫియా నుంచే రావలసి వచ్చింది.

తెలుగునాట పటాన్‌చెరు సంగతీ ఇదే. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో రాసింది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదుకు అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పత్రాన్నీ ప్రపంచం విస్తారంగా ఉదహరించింది. మందుల పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.